నీళ్ళు ఎటు పోయాయి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గోదావరి జిల్లావాళ్ళ ముందు గాలివాన గురించి మాట్లాడటం సాహసమే. అయితే నేను చెప్పేది మన తుపాను కాదు, ఎడారిలో వచ్చిన గాలివాన.

2024 ఏప్రిల్ 16. నేను షార్జాలో ఉన్నాను. బడులకు, ఆఫీసులకు ఆ రోజు ఇంటి నుంచే పని అని ప్రభుత్వం ప్రకటించింది. అంతకు రెండు రోజుల ముందే పక్కనున్న ఒమన్‌లో వరద పొంగి, బడిపిల్లలున్న వాహనం కొట్టుకుపోయింది. పిల్లలు చనిపోయారు. ఆ వార్త విన్నాక కూడా నేను మా ఆవిడతో "నాలుగు చినుకులకు ఇంత హడావుడా" అన్నాను.

మధ్యాహ్నం దాటాక ఆకాశం ఆకుపచ్చగా మారింది. తర్వాత ఉరుములు, అడ్డంగా కొట్టే వాన. దుబాయ్‌లో ఏడాది మొత్తం మీద పడేదే సుమారు 100 మిల్లీమీటర్లు. ఆ వానలో అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలలోపే 254.8 మిల్లీమీటర్లు పడింది. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఆ దేశంలో ఇంత పెద్ద వాన లేదని అధికారులు అన్నారు. మేఘమథనం వల్లే ఇలా జరిగిందని పుకారు పుట్టింది. వాతావరణ కేంద్రం కాదంది. పెద్ద అల్పపీడనం సముద్రం మీది తేమను లాక్కొచ్చి కురిపించిన వాన అది.

ఇసుక నీళ్ళు తాగేయదా అని అడుగుతారు. తీరం వెంట ఊళ్ళలో ఇసుక కనిపించేది తక్కువ, రోడ్డూ సిమెంటూ ఎక్కువ. నేల చదును, భూగర్భజలం పైపైనే ఉంటుంది. నీరు తనంతట తాను పారడానికి వాలు లేదు. పంపులే తోడాలి.

ఇక్కడే నా సంగతి ఉంది. పన్నెండేళ్ళ కిందట ఒక భవనం ఖర్చు తగ్గించే సమావేశంలో, సెల్లార్‌లో వాననీరు తోడటానికి రెండు పంపులెందుకు, ఒకటి చాలు, దానికి జనరేటర్ లైను కూడా అక్కర్లేదు అన్నారు. "ఇక్కడ వాన ఎప్పుడు పడింది కనక" అని సంతకం పెట్టింది నేనే.

ఆ రాత్రి ఆ భవనం వాచ్‌మన్ ఫోన్ చేశాడు. జగిత్యాల మనిషి. తెలుగువాడినని నా నంబరు దాచుకున్నాడు. "సార్, సెల్లార్ల నీళ్ళొస్తున్నయి. కరెంటు పోయింది. పంపు తిరుగుతలేదు" అన్నాడు. అతని గది ఆ సెల్లార్‌లోనే. నిద్రపోతున్న మరో ఇద్దరిని లేపి పైకి తెచ్చాడు. కూతురి పెళ్ళికని కొన్న బట్టల పెట్టె మాత్రం నీళ్ళలోనే ఉండిపోయింది.

మర్నాడు తొడల లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాను. "ఒక్కటే పంపు ఎవరు పెట్టిండ్రో సార్" అన్నాడు. "నేనే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాయ్ తాగుతరా సార్" అన్నాడు. ఆ చాయ్ మింగడం కష్టమైంది.

మన సైన్సు మాస్టారు సీసాకు గరాటు పెట్టించి మనచేత వాన కొలిపించడం మీకు గుర్తుందా? "ఇరవై అయిదు మిల్లీమీటర్లండీ" అని గొప్పగా చెబితే, "కొలత సరే, ఆ నీళ్ళు ఎటు పోయాయి? చూసిరండి" అనేవారు. తడుస్తూ బడి వెనక బోదె దాకా వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. నేను ఇంజనీరునైంది ఆ పాఠంతోనే. సంతకం పెట్టినరోజు మరిచిపోయింది కూడా ఆ పాఠమే.

ఇప్పుడు ఆ భవనంలో రెండు పంపులున్నాయి, జనరేటర్ పైకెక్కింది, వాచ్‌మన్ గది కూడా పైకి మారింది. దుబాయ్ అయితే 3,000 కోట్ల దిర్హాములతో 2033 నాటికి పూర్తయ్యేలా కొత్త వాననీటి కాలువల పథకం చేపట్టింది.

చివరిగా ఒక్క మనవి. మనమంతా చందాలు వేసుకుని బడికి కొత్త గదులు కడుతున్నాం, ఆవరణకు సిమెంటు వేయిద్దామంటున్నాం. సంతోషం. వేసేముందు ఒక వానరోజున మనలో ఎవరైనా వెళ్ళి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసిరండి. పిలిస్తే నేనూ వస్తాను.