స్టాన్‌ఫర్డ్‌లో జీతాల బిల్లు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



అమెరికాలో మా మనుమరాలు చదువుతున్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చూచి వచ్చాను. ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. ముప్పై ఏళ్లకు పైగా జీతాల బిల్లులు వ్రాసినవాణ్ణి. నా కంటికి ఆనినవే చెబుతాను.

అది కాలిఫోర్నియాలో, ఎనిమిదివేల ఎకరాలకు పైబడిన స్థలంలో ఉంది. ఎర్ర పెంకుల కప్పులు, ఇసుకరాతి కమానులు. ఎటు చూచినా సైకిళ్ల మీద విద్యార్థులే. ఒకప్పుడు గుర్రాలు పెంచిన పొలం గనుక నేటికీ 'ఫార్మ్' అనే పిలుస్తారు. ఇంత పేరున్న పరిశోధనా కేంద్రం సర్కారుది కాదు, ప్రైవేటుది.

లీలాండ్, జేన్ స్టాన్‌ఫర్డ్ దంపతుల ఒక్కగానొక్క కొడుకు 1884లో, పదిహేనేళ్ల వయసులో టైఫాయిడ్‌తో పోయాడు. ఆ దుఃఖాన్ని దిగమింగి, ఇతరుల బిడ్డల కోసం 1885లో దీనిని స్థాపించారు. 1891లో తరగతులు మొదలైనాయి. ఆడపిల్లలకూ ఆనాడే ప్రవేశం. 1920 వరకు ట్యూషన్ ఫీజు లేదు.

1893లో లీలాండ్ గారు కాలం చేశారు. ఆస్తి కోర్టులో చిక్కుకుంది. మరి జీతాలో? జేన్ గారి ఇంటి ఖర్చులకని జడ్జీ గారు నెలకు పదివేల డాలర్లు మంజూరు చేశారు. ప్రొఫెసర్లను ఆమె ఇంటి పనివారి పద్దులో చేర్చి, అందులోంచే జీతాలిచ్చారు! మన ట్రెజరీలో అయితే ఆడిట్ అభ్యంతరం తప్పేది కాదు. ఆమె తన ఇంటి ఖర్చు కుదించుకొని కాలేజీని నిలబెట్టింది. 1896లో సుప్రీంకోర్టు తీర్పుతో గండం గడిచింది.

ఆమె 1905లో మరణించింది. ఆమె కోరిక ప్రకారం నగలు అమ్మి, ఆ సొమ్ముతో 1908లో లైబ్రరీకి పుస్తకాల నిధి పెట్టారు. దాని పేరు 'జ్యూయల్ ఫండ్'. ఆ నిధితో కొన్న పుస్తకం ఒకటి మా మనుమరాలు తెచ్చి, లోపల అంటించిన చీటీ చూపింది.

నాకు కళ్లు చెమర్చాయి. "ఎందుకు తాతయ్యా?" అంది. 1996లో మా అబ్బాయి ఇంజనీరింగు ఫీజుకు నా భార్య గాజులు తాకట్టు పెట్టాను. విడిపించలేకపోయాను. ఆమె ఏనాడూ అడగలేదు. ఇప్పుడామె లేదు. ఆ పిల్లకు ఈ సంగతే తెలియదు. చెప్పకపోవడం నా తప్పే.

అక్కడ నగలకు చీటీ ఉంది. మన ఇళ్లలోని గాజులకు, గొలుసులకు చీటీలు లేవు. మనమే చెప్పాలి. నేటి రాత్రి భోజనాల దగ్గరే మీ మనుమలకు చెప్పండి.