పిల్లలను ఇచ్చిపుచ్చుకొను దేశములు

(ఒక పఠనమందిర సభలో చేసిన ప్రసంగపాఠము)



తమ పిల్లలను పొరుగుదేశపు బడికి పదిదినములు పంపి, ఆ బడిపిల్లలను తిరిగి తమ యిండ్లకు రప్పించుకొను ఆచారమొకటి ఐరోపాఖండమున విరివిగా వ్యాపించియున్నది. నేడు దానిని గుఱించి నాలుగుమాటలు మనవి చేయదలచితిమి. ఇది వట్టి విహారయాత్రయని కొందఱందురు. కలవారి వేడుకయని మఱికొందఱందురు. ఈ రెండుమాటలలోను కొంత నిజము లేకపోలేదు. దానిని ముందు విచారింతము. కాని ఈ ఆచారము వెనుక మూడుయుద్ధముల చరిత్ర కలదు. అది యెఱుగనివారికి దీని విలువ బోధపడదు గనుక అక్కడనుండియే ఆరంభింతము.

ఫ్రాన్సు జర్మనీ దేశములు 1870 మొదలు 1945 వఱకు, 75 ఏండ్లలోపల, ముమ్మారు పోరాడినవి. నడుమనున్న స్ట్రాస్‌బూర్ నగరమును చూడుడు. 1871లో అది జర్మనీ వశమయ్యెను. 1918లో ఫ్రాన్సునకు తిరిగివచ్చెను. 1940లో మరల జర్మనీ చేజిక్కెను. 1944 నవంబరులో మరల ఫ్రెంచిసేనలు ప్రవేశించెను. 1870కి ముందు ఆ యూర పుట్టి, ఊరు విడువక, నిండునూఱేండ్లకు చేరువగా బ్రతికిన ముసలమ్మ యుండెనేని, తన గడప దాటకయే ఆమె నాలుగుసారులు ఏలిక మాఱుట చూచియుండును. ఏలిక మాఱినప్పుడెల్ల బడిలో భాష మాఱెను. నిన్నటి పాఠ్యభాష నేడు తరగతిలో నోట రాగూడని భాష యయ్యెను.

వైరమును పెంచినది సేనలు మాత్రమే కాదు; బడియును పెంచెను. 1887లో ఆల్బేర్ బెతానియే అను ఫ్రెంచి చిత్రకారుడు ఒక పటమును చిత్రించెను. అందు తరగతిగదిలో గోడకు దేశపటము వ్రేలాడుచుండును. ఉపాధ్యాయుడు కోలతో శత్రువు లాగికొనిన మండలములను చూపుచుండును. ఆ మండలములు నల్లని మరకవలె కానవచ్చును. ఎదుట ఒక పసివాడు నిలుచుండి చూచుచుండును. ఆ తరము పిల్లలలో ఎందఱో 1914లో కందకములలో పడి మడిసిరి. సరిహద్దునకు ఆవలి బడులలోను ఇట్టి పాఠమే వేఱొక రంగుతో సాగినది. ఒక జాతి తన పోగొట్టుకొనిన గడ్డను తలచుకొనుట తప్పని మేమనము. కాని పొరుగువానిని ఎన్నడును కన్నులజూడని పసివానికి, వానిని పటముమీది మరకగా మాత్రమే చూపినచో, వాడు పెద్దవాడై ఆ మరకను తుడుచుటకు తుపాకి పట్టుట వింతకాదు.

ఈ పాఠమును తిరుగవ్రాయుటకు మొదట పూనుకొనినవి ప్రభుత్వములు కావు, పురపాలకసంఘములు. 1950లోనే ఫ్రాన్సునందలి మోంబెలియార్ పట్టణమును జర్మనీయందలి లుడ్విగ్స్‌బుర్గ్ పట్టణమును జంటకట్టుకొనినవి. ఆ రెండుదేశముల నడుమ ఇట్టి పట్టణబాంధవ్యములలో ఇదియే మొదటిది. ఆనాటి మోంబెలియార్ పురాధ్యక్షుడు ల్యూసియన్ తారాదేన్. ఆయన జర్మనుల ఆక్రమణను ఎదిరించి, పట్టుబడి, బూహెన్‌వాల్డ్ నిర్బంధశిబిరమున నరకమనుభవించి బ్రతికివచ్చినవాడు. యుద్ధము ముగిసిన అయిదేండ్లకే, తనను చెఱపెట్టిన దేశమునకు ఆయన చేయిచాచెను. దేశాభిమానము చాలనివాడు ఇట్లు చేసెనని ఎవ్వరనగలరు? దేశముకొఱకు ప్రాణములొడ్డినవాడు గనుకనే ఆయన మాటకు ఊరివారు తలయొగ్గిరని మా యభిప్రాయము.

ఆ లుడ్విగ్స్‌బుర్గ్ నగరమునకే 1962 సెప్టెంబరు 9వ తేదీని ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ వచ్చెను. కోట ముంగిట గుమిగూడిన జర్మను యువకుల నుద్దేశించి ఆయన జర్మనుభాషలో ఉపన్యసించెను. 1916లో వెర్డన్ చెంత గాయపడి జర్మనుల చేజిక్కి, యుద్ధాంతమువఱకు వారి చెఱలో గడపినవాడు, వారి పిల్లలతో వారి భాషలో మాటలాడుట చిన్నసంగతి కాదు. మఱుచటియేడు జనవరి 22వ తేదీని పారిసు నగరమున ఎలిజే భవనములో ఆయనయు, జర్మను ప్రధాని అడెనవరును సంధిపత్రముపై చేవ్రాలు చేసిరి. ఆ సంధి ననుసరించి 1963 జూలై 5వ తేదీని ఫ్రాంకో జర్మను యువజన కార్యాలయము ఏర్పడెను. అప్పటినుండి నేటివఱకు ఆ కార్యాలయము సాయముతో రాకపోకలు సాగించిన యువజనులు 90 లక్షలకు మించిరి. ఈ కార్యాలయమునకు ఉభయప్రభుత్వములును సమానమైన సొమ్ము ఇయ్యవలెనన్నది నియమము. ఒకరు దాతయు, ఒకరు గ్రహీతయు కారు. కయ్యమునకైనను వియ్యమునకైనను సమవుజ్జీ కావలెనని మన పెద్దలన్న మాట ఇక్కడ అక్షరాల చెల్లినది. కయ్యమున సమవుజ్జీలుగ ముమ్మారు తేల్చుకొనినవారు వియ్యమునకు దిగినప్పుడును ఆ సమత్వమును విడువరైరి.

ఇక బడులనడుమ ఈ వియ్యము జరుగు తీరును కొంత విపులముగ చెప్పవలెను. ఏలన, సంధిపత్రములు ఎంత ఘనమైనవైనను పని నడచునది తరగతిగదిలోను వంటయింటిలోను.

ముందుగా రెండుబడుల ఉపాధ్యాయులు ఒండొరులను వెదకికొందురు. ఫ్రాన్సులో జర్మను చెప్పు పంతులమ్మయు, జర్మనీలో ఫ్రెంచి చెప్పు పంతులును ఉత్తరములు నడపి, తేదీలు కుదుర్చుకొని, పిల్లలను జతపఱతురు. ఇది సామాన్యమైన పని కాదు. ఈ పిల్లకు పిల్లి పడదు, ఆ పిల్లవాడు మాంసము ముట్టడు, వీడు మాటకారి, వాడు బిడియస్థుడు, ఒకరియింట వేఱుగది కలదు, ఒకరియింట లేదు. పెండ్లిసంబంధములు కుదుర్చు పేరయ్యకుకూడ ఇన్ని చిక్కులుండవు. జతకూడిన పిల్లలు ముందుగా జాబులు వ్రాసికొందురు. పిమ్మట పదునాలుగు పదునైదేండ్ల పిల్లలు ముప్పదిమంది, ఇద్దఱు ముగ్గురు ఉపాధ్యాయుల వెంట, రైలెక్కియో బస్సెక్కియో బయలుదేఱుదురు. సత్రములలో గాక, తమతమ జతగాండ్ర యిండ్లలో దిగుదురు. భోజనమునకు సొమ్ము పుచ్చుకొనుట లేదు. కొన్నినెలలకు ఆ యింటి పిల్లవాడు ఈ యింటికి వచ్చి తినిపోవును. బాకి అట్లు తీఱును.

మొదటి రెండుదినములు వట్టి అవస్థ. జర్మనుల యింట రాత్రిపూట పొయ్యి రాజవేయకుండ రొట్టె, వెన్న, జున్ను, చల్లని మాంసపుముక్కలు బల్లపై పెట్టుట పలుచోట్ల వాడుక. వేడిభోజనమునకు అలవాటుపడిన ఫ్రెంచిబాలుడు ఇది ఫలహారమేమో, అసలు భోజనము వెనుక వచ్చునేమోయని కనిపెట్టుకొని కూర్చుండును. ఎంతసేపటికిని రాదు. జర్మనీలో పూర్వాచారమునుబట్టి అనేకపాఠశాలలు మధ్యాహ్నమునకే విడిచిపెట్టబడును. ఫ్రాన్సులో సాయంకాలమువఱకు బడి. ఆవలినుండి వచ్చిన జర్మనుబాలిక సాయంత్రమగునప్పటికి బల్లపైనే కునుకు తీయును. నీవు మీరు అను భేదము మనకున్నట్లే ఆ రెండుభాషలలోను కలదు. ఇంటి యజమానురాలిని ఏమని పిలువవలెనో తెలియక పిల్లవాడు క్రియాపదమే లేకుండ వాక్యములు కూర్చుకొనును. పొరుగుదేశ మనగా పటముమీది రంగు కాదని, పెద్దమ్మవంటి ఒక ఆడుది బలవంతపెట్టి తినిపించు ఇల్లని వానికి తెలియునది ఈ తిప్పలలోనే. పదవదినమున స్టేషనులో రైలు కదలునప్పుడు కన్నీరు పెట్టువారలలో మొదటిరోజు ముఖము మాడ్చుకొని కూర్చున్నవారే ఎక్కువయని ఇట్టి యాత్రలను నడపినవారు చెప్పుచుందురు. మాకది నమ్మదగినదిగనే తోచుచున్నది.

ఇంతమాత్రమున జాతి కరగిపోవునా యని కొందఱు దేశాభిమానులకు శంక. ఆ శంక మాకును పరాయిది కాదు. కాని జరిగినది చూడుడు. అరువదియేండ్ల రాకపోకల పిమ్మట ఫ్రెంచివాడు ఫ్రెంచివాడుగనే, జర్మను జర్మనుగనే యున్నారు. పరదేశమున పదిమంది నడుమ తన యూరిని గుఱించి, తన భాషను గుఱించి చెప్పవలసివచ్చిన బాలుడు, తనది తాను మొదటిసారి తెలిసికొనును. ఎవ్వరును అడుగనంతవఱకు తన యింటి వాకిటనున్న రాతివిగ్రహ మెవరిదో వానికే తెలియదు.

అంతకంటె బరువైన ఆక్షేపణ మఱియొకటి కలదు. కలిసి తిరిగినంతనే స్నేహము కుదురునా? కుదురదనుటకు చరిత్రలోనే సాక్ష్యమున్నది. హిట్లరు ప్రభుత్వము తన భావిపాలకులను తయారుచేయుటకు నాపోలాలను పేర ఆవాసపాఠశాలలను నెలకొల్పెను. 1930 తరువాతి దశకమున ఆ పాఠశాలలకును ఇంగ్లండునందలి పేరుమోసిన పబ్లిక్‌స్కూళ్లకును నడుమ పిల్లల రాకపోకలు సాగెను. ఆటలాడిరి, విందులు చేసికొనిరి. 1939లో యుద్ధము వచ్చెను. అక్కడి బాలురను తమ రాజ్యము గొప్పను చాటు దూతలుగ దిద్ది పంపిరి. వచ్చిన అతిథులకు చూపదలచినదే చూపిరి. అతిథి ప్రశ్న వేయవచ్చును గాని, ఆతిథేయుడు తన యేలికను ప్రశ్నించుటకు వీలులేదు. ఇట్టి చోట రాకపోకలు స్నేహమునకు గాక మోసమునకే ఉపకరించును.

1963 తరువాతి రాకపోకలు దీనికి భిన్నములు. ఇరువైపుల పిల్లలు కలిసి వెర్డన్ శ్మశానవాటికలకు పోవుచున్నారు. బూహెన్‌వాల్డ్ వంటి శిబిరములను జర్మను ఉపాధ్యాయులే దగ్గఱనుండి చూపుచున్నారు. తాతలు చేసినదానిని మనుమలు దాచుట లేదు. దీని ఫలితమొకటి మనము ముఖ్యముగ గమనింపవలెను. 2003 జనవరిలో, సంధి 40వ వార్షికోత్సవమునకు బెర్లిను నగరమున కూడిన ఉభయదేశముల విద్యార్థులు, మా రెండుదేశములకును ఒకే చరిత్రపుస్తకము కావలెనని కోరిరి. పెద్దలు నవ్వి త్రోసివేయలేదు. 2006లో మొదటి సంపుటమును, 2008లో రెండవదియు, 2011లో మూడవదియు వెలువడెను. ఒకే పుస్తకము, రెండు భాషలు. 1887నాటి ఆ పటములోని పసివాడు అట్టి పుస్తకమును కలనైన ఊహించియుండునా?

పోలండు విషయమింకను కఠినమైనది. 1939 మొదలు 1945 వఱకు ఆ దేశపు ప్రజలలో సుమారు 60 లక్షలమంది చనిపోయిరి; వారిలో ఇంచుమించు సగము యూదులు. ఐనను 1991 జూను 17వ తేదీని జర్మనీ పోలండులు ఫ్రెంచివారి మాదిరిని అనుసరించి తామును ఒక యువజన కార్యాలయమునకు ఒడంబడిరి. దాని మూలమున ఇంతవఱకు 30 లక్షలకు పైగా యువజనులు కలిసికొనిరి. కాని సమత్వమునకు ఇక్కడ ఒక లోటు. పోలిషుపిల్లలలో జర్మను నేర్చువారు పెక్కురు. జర్మనులలో పోలిషు నేర్చువారు మిక్కిలి తక్కువ. నా యింటికి నీవు నా భాషలోనే రమ్మనుట వియ్యపు మర్యాద కాదు.

భాషకు వచ్చిన ఈ కొఱత ఫ్రాన్సు జర్మనీలకును ప్రాకినది. ఫ్రాన్సులో జర్మను చదువువారును, జర్మనీలో ఫ్రెంచి చదువువారును తగ్గుచున్నారు. పొరుగువారిద్దఱును ఇంగ్లీషులో పలుకరించుకొనుట నానాటికి మామూలగుచున్నది. పని జరుగవచ్చును గాని, వంటయింటిలోని ముసలమ్మ ఇంగ్లీషు మాటలాడదు. ఆమెతో మాటలాడలేనివాడు ఆ దేశమునకు పోయినను వీధిలోనే నిలిచిపోయినట్లు. 2019 జనవరి 22వ తేదీని ఆహెన్ నగరమున కుదిరిన క్రొత్తసంధిలో, ఒండొరుల భాషలు నేర్చువారి సంఖ్యను పెంచెదమని ఉభయులును మాటయిచ్చుకొనిరి. సంధిలో వ్రాయుట సులభము. ఉపాధ్యాయులను దొరకించుకొనుట కష్టము.

ఇది కలవారి వేడుక యన్న మాటను ఇప్పుడు విచారింతము. సాధారణముగ ఇట్టి యాత్రలకు పోవువారు భాషలు బాగుగ చదువు బడులపిల్లలు. చిన్నయిల్లుగలవారు అతిథికి గది చూపలేమని సిగ్గుపడి తమ పిల్లను పంపకుందురు. వృత్తివిద్య నేర్చు పిల్లలకు, పనివాండ్ర బిడ్డలకు ఈ ద్వారము తెఱచుటకు ఆ కార్యాలయములు సొమ్ము వెచ్చించుచునే యున్నవి. ఐనను చేయవలసినది చాల మిగిలియున్నది. సంధుల ఫలము మేడలోనివారికే దక్కినచో, కందకములలో చచ్చినవారి బిడ్డలకు దక్కినదేమి?

తుదకు బ్రిటను సంగతి. 2020 అంతమున ఆ దేశము ఐరోపా సంఘమువారి విద్యాపథకమైన ఎరాస్మస్‌నుండి తొలగెను. 2021 అక్టోబరు 1వ తేదీనుండి ఐరోపా దేశముల గుర్తింపుచీటి బ్రిటనులో ప్రవేశమునకు చెల్లదయ్యెను, పాస్‌పోర్టు కావలెను. అంతకుముందు బడిజట్టుతో వచ్చు పిల్లలు, ఐరోపావారు కాకున్నను, జట్టుపట్టిక చూపి వీసా లేకయే దాటగలిగిరి. ఆ వెసులుబాటును ఎత్తివేసిరి. ఇక ఫ్రాన్సులోని ఒక ఉపాధ్యాయుని యవస్థను తలచుడు. ముప్పదిమందిలో ముగ్గురు వలసవచ్చినవారి బిడ్డలు. వారికి వీసా రుసుము, కచేరీల చుట్టు తిరుగుట, తుదకు వచ్చునో రాదో. ఆ ముగ్గురిని విడిచి మిగిలినవారిని తీసికొనిపోవుటయా? అందఱితో ఐర్లండుకు పోవుటయా? ఐర్లండునే ఎన్నుకొనిన బడులు కలవు. రెండువైపులనుండి మొఱలు సాగగా, 2023 డిసెంబరు 28వ తేదీనుండి ఫ్రెంచిబడుల జట్లకు మాత్రము ఆ నిబంధనను సడలించిరి. 2027లో బ్రిటను ఎరాస్మస్‌లో మరల చేరుటకు ఒప్పుదల కుదిరినట్లు 2025 డిసెంబరులో ప్రకటించిరి.

సంతోషమే. కాని ఈ నడుమ ఏండ్లలో, కరోనా కాలపు మూతలతో కలిసి, చెడిపోయిన బడిజంటలు పలుచోట్ల నున్నవి. వానిని కూర్చి కాపాడిన ఉపాధ్యాయులలో ఉద్యోగము చాలించినవారెందఱో. తెగిన చోట మరల ముడివేయుటకు, ఇంగ్లీషుఛానలునకు ఈవలనో ఆవలనో ఒక పంతులు కూర్చుండి మొదటి ఉత్తరము వ్రాయవలసియున్నది.