వేయి పౌనుల ఆటగాడు



సంతలో కోడెకు వెల కట్టునప్పుడు పళ్ళు చూతురు, నడక చూతురు, సుళ్ళు లెక్కింతురు. మనుష్యునికే అట్లు వెల కట్టిరని ఇంగ్లండు దేశమున ఒకప్పుడు పెద్ద అలజడి రేగినది. ఆ మనుష్యుడు ఫుట్‌బాల్ ఆటగాడు ఆల్ఫ్ కామన్. ఆయనను గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

ఆయన 1880లో, ఓడల నిర్మాణమునకు పేరుపొందిన సండర్లండు పట్టణమున జన్మించెను. స్వస్థలపు జట్టులో ఆట ప్రారంభించి షెఫీల్డ్ యునైటెడ్ జట్టునకు పోయి, 1902లో ఆ జట్టు ఎఫ్.ఎ. కప్పును గెలుచుకొన్నప్పుడు తుది పోటీలో గోలు చేసెను. 1904లో సండర్లండువారు 520 పౌనులిచ్చి ఆయనను మరల తెచ్చుకొనిరి. ఏడాదియైన నిండకముందే, 1905 ఫిబ్రవరిలో, పొరుగు పట్టణమైన మిడిల్స్‌బరో క్లబ్బువారు వేయి పౌనులు చెల్లించి తీసికొనిపోయిరి. ఒక్క ఆటగాని కొరకు అంత సొమ్ము చేతులు మారుట అదియే మొదలు.

మిడిల్స్‌బరోవారి తొందరకు కారణము లేకపోలేదు. జట్టు ప్రథమ శ్రేణినుండి దిగజారు స్థితిలోనుండెను. పరాయి మైదానమున గెలిచి రెండేండ్లు కావచ్చెను. ఫిబ్రవరి 25న కామన్ ఆ జట్టు పక్షమున తొలిసారి ఆడినది షెఫీల్డులో, తన పాత జట్టుపైననే. పెనాల్టీ దొరికెను. కామన్ బంతిని గోలులోనికి తన్నెను. ఆ ఒక్క గోలుతోడనే గెలుపు. ఆ ఏడు జట్టు పదునెనిమిదింటిలో పదునైదవదిగా గట్టెక్కెను. ఇచ్చిన సొమ్మునకు ఫలము దక్కినదని క్లబ్బువారు సంతసించియుందురు.

పత్రికలు మాత్రము మండిపడినవి. ఆట అంగడి సరుకైనదని విమర్శకులు వాపోయిరి. 1908లో ఫుట్‌బాల్ సంఘమువారు బదిలీ సొమ్ము 350 పౌనులకు మించరాదని కట్టడి చేసి, అది నిలువదని కొలది నెలలలోనే ఉపసంహరించుకొనిరి.

అయితే మాకు తోచునది వేరు. ఆ వేయి పౌనులు చేరినది ఆటగానికి కాదు, సండర్లండు క్లబ్బునకు. 1901నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము ఎంతటి ఆటగానికైనను వారమునకు 4 పౌనులకు మించి వేతనమీయరాదు. సామాన్య శ్రామికుని కూలితో పోల్చిన అది తక్కువ కాదు, నిజమే. కాని లెక్క వేసి చూడుడు: తన వెలను తాను ఆర్జించుటకు కామన్‌కు 250 వారములు, అనగా దాదాపు ఐదేండ్లు, పట్టును! పైగా క్లబ్బు విడిచిపెట్టనిదే లీగులో మరియొక జట్టునకు ఆడు స్వేచ్ఛ ఆటగానికి లేదు. వేయిని చూచి ఉలికిపడిన పెద్దలలో ఎందరు ఈ నాలుగును చూచిరి? 1907లో మాంచెస్టరు నగరమున సంఘము పెట్టుకొన్నవారు ఆటగాండ్రే. వేతన పరిమితి 1961లో గాని తొలగలేదు. బదిలీ నిర్బంధము న్యాయవిరుద్ధమని తీర్పు వచ్చినది 1963లో.

కామన్ మిడిల్స్‌బరోలో ఐదేండ్లకు పైగా ఆడి, 1910లో వులిచ్ ఆర్సెనల్‌కు, 1912లో ప్రెస్టన్‌కు మారెను. ఈ మార్పులలో ఆయన వెల వేయి పౌనుల దరిదాపులకైనను రాలేదు. వయసు మీరిన కోడెకు సంతలో బేరమెక్కడిది? 1914లో ఆట చాలించి, డార్లింగ్టన్‌లో పానశాల నడుపుకొనుచు కాలము గడపెను. ఆ ఊరనే 1946లో కన్నుమూసెను.