దిద్దిన తప్పును చిట్టాకెక్కింపవలెను
(వెల్లిచందైలో మన సంఘ సభయందు చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము, కొట్టు నడుపుకొనువారము. అయినను ఆసుపత్రి మందులను గూర్చి వర్తకునికి తోచిన మాట యొకటి మనవి చేయుదుము.

మా పెద్దమ్మకు కీళ్లవాతమునకై ఒక ఆసుపత్రిలో మెతోట్రెక్సేటు మాత్ర వ్రాసిరి. కీళ్లవాతమునకు అది వారమునకు ఒక్క దినమే మ్రింగవలసినది. దినదినము మ్రింగినచో మజ్జ చెడి ప్రాణమునకే ముప్పు కలుగును. చీటిలో దినమున కొకటి అని పడినది. ఫార్మసిస్టు మందు నిలిపి, వైద్యునితో మాటలాడి దిద్దించెను. పెద్దమ్మకును తమిళమున చెప్పెను. ఆమెకు సంతలో చెల్లు తమిళమే గాని మందుల మాటలు తెలియవు. తల యూపి వచ్చినది. ఇంట మేము చీటి చూచి చెప్పువరకు ఆమెకు సంగతి బోధపడలేదు.

మేము పోయి ఫార్మసిస్టునకు నమస్కరించి, "ఈ దిద్దుబాటు ఎచ్చట వ్రాసితిరి?" అని యడిగితిమి. ఎచ్చటను వ్రాయలేదట!

మన కొట్టులో తప్పు దిద్దినచో చిట్టాలో వ్రాయమా? నెలాఖరున పద్దులు చూచి కారణము వెదకమా? ఆసుపత్రిలోను తేదీ, మందు, కనబడిన దోషము, చెప్పిన సలహా, వైద్యుని అంగీకారము, తుది ఫలితము వ్రాయవలెను. రోగి పేరు అక్కరలేదు. నెలకొకసారి వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి చూచినచో, ఏ మందున, ఏ వార్డున, ఏల తప్పు మరల వచ్చుచున్నదో తెలియును. అయితే పద్దులు హెచ్చుగా నున్న వార్డే చెడ్డదని యెంచరాదు. అచ్చట చూచువారి కన్ను చురుకైనది కావచ్చును. శిక్ష భయమున్నచో ఎవరును వ్రాయరు.

మందుల దుష్ఫలితముల నమోదునకు 2010లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమము ఏర్పడినది. మందుల వలన కలుగు, నివారింపదగిన తీవ్రహానిని ఐదేండ్లలో సగమునకు తగ్గింపవలెనని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలుపునిచ్చినది. 2008లో మన దేశమున ఆరేండ్ల ఫార్మ్.డి. చదువు ప్రారంభమైనది, ఆ విద్యార్థులు పనిచేయు కొన్ని ఆసుపత్రులలో ఇట్టి దిద్దుబాట్లను వ్రాయుచున్నారు. అన్ని చోట్లను వ్రాయవలెను.

కావున మన సంఘము జిల్లా ఆసుపత్రుల వారికి విన్నపము పంపవలెనని కోరుచున్నాము: దిద్దుబాట్ల చిట్టా పెట్టుడు, అందు రోగికి బోధపడు భాష యేదో వ్రాయుటకును ఒక గడి యుంచుడు. మన వంతుగా, ప్రతి యింటివారును పెద్దల మందుల పేర్లు, వేళలు ఒక పుస్తకమున వ్రాసి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తెలియనిచో తల యూపక, మరల అడుగవలెను. అడుగుట అవమానము కాదు.