యాప్ కంటే ముందు మనుషులు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపకార వేతనాల దరఖాస్తులు, జకాత్ లెక్కలు ఇకనుంచి మొబైల్ యాప్‌లో పెట్టాలని మన కమిటీ అనుకుంటోంది. మంచి ఆలోచన. ఇచ్చిన రూపాయి ఎక్కడికి చేరిందో దాతకు తెలుస్తుంది. నేను కోరేది ఒక్కటే. యాప్ విడుదల చేసేలోగా దాన్ని వాడబోయేవాళ్ళను కలుపుకొందాం.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తల్లి నర్సరీలో కవర్లకు మట్టి నింపే పనికి వెళ్తుంది. ఇంటర్‌లో చేరాక ఆ అమ్మాయి ఒక ఉపకార వేతనానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టింది. టెన్త్ మార్కుల జాబితాలో ‘షేక్’, ఆధార్‌లో ‘ఎస్.కె.’ పేర్లు కలవలేదంది కంప్యూటరు. సరిచేద్దామంటే ఓటీపీ తల్లి ఫోనుకు వెళ్తుంది. ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనూ తల్లితోపాటు నర్సరీకి పోతుంది. ఆమె చీకటిపడి ఇల్లు చేరేసరికి నెట్ సెంటరు మూసేసేవారు. చివరి తేదీ దాటిపోయింది. ఫీజు కట్టలేక ఆ ఏడు చదువు ఆపేసింది.

ఆ పద్ధతి పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మన పేర్లు ఎన్ని రకాలుగా రాస్తారో, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ముందుగా అడగలేదు, అంతే. నేనూ “అప్లై చేశావా అమ్మా” అని అడిగానే గాని పక్కన కూర్చోలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

మన తెలుగులోనే ఒక ఉదాహరణ చూడండి. వెన్న నాగార్జున గారి చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఏడాదికి పైగా అందులో రాసినవాళ్ళు బహు తక్కువ. 2005 నుంచి ఔత్సాహికులు ఒకరినొకరు పిలుచుకొన్నారు. తెలుగు టైపు రానివారికి లేఖిని తోడైంది. ఈ-తెలుగు సంస్థవారు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి కంప్యూటరులో తెలుగు రాయడం చూపించారు. ఇవాళ వ్యాసాలు లక్ష దాటాయి. మనుషులు చేరాకే అది బతికింది.

కడియం వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను కొన్నాళ్ళు ఎండకు అలవాటు చేశాకే పొలానికి పంపుతాం.

కాబట్టి విడుదలకు ముందు మూడు నెలలు తీసుకొందాం. ఇరవై కుటుంబాలతో దరఖాస్తు ముందు కాగితం మీద నింపిద్దాం. వాళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ యాప్‌ను మార్పిద్దాం. సొసైటీ సాయంతో చదివిన పిల్లలు జుమా తర్వాత మసీదు దగ్గర కూర్చొని నేర్పాలి. ఆడపిల్లలు వీధి వీధికీ వెళ్ళి తల్లులకు చూపించాలి. యాప్ వచ్చాక కూడా కాగితం దరఖాస్తు తీసుకోవాలి. సాయం పొందిన బిడ్డ పేరు, ఫోటో బయట కనబడకూడదు. ఆ బిడ్డ పరువుకు మనమే పూచీ.

దాతలకు ఒక మనవి. యాప్ తయారీకి ఇస్తే దానిమీద పేరుంటుంది. ఈ మూడు నెలల జెరాక్సులకు, ఆటో చార్జీలకు, టీ ఖర్చుకు ఇస్తే ఎక్కడా పేరుండదు. అయినా ఆ ఖర్చును కూడా భరించమని అడుగుతున్నాను.

ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే అష్-షూరా, అంటే సంప్రదింపు. కమిటీ గదిలో ఉన్న మనతోపాటు నర్సరీలో మట్టి నింపే ఆ తల్లిని కూడా సంప్రదిద్దాం.

అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక. ఆమీన్.