కులం ఓడ ఎక్కింది, కాగితం రేవులోనే ఉండిపోయింది



ప్రపంచీకరణ కాలంలో కెరీర్ కౌన్సెలర్ల పాత్ర గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లలకు పై చదువుల గురించి, ఉద్యోగాల గురించి దారి చెప్పే పనిలో ఉన్నాను. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. నా దగ్గరికి వచ్చే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వలస వచ్చిన కూలీల, మత్స్యకారుల ఇళ్లవాళ్లు. కాబట్టి ఈ విషయాన్ని వాళ్ల దగ్గర నిలబడే మాట్లాడతాను.

ముందు కొంచెం చరిత్ర చూద్దాం. కౌన్సెలింగ్ అంటే ఇవాళ మనకు ఏసీ గది, కంప్యూటర్ మీద పరీక్ష, రంగురంగుల రిపోర్టు గుర్తొస్తాయి. ఈ వృత్తి పుట్టింది మాత్రం అలాంటి చోట కాదు. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ ఒకేషన్ బ్యూరోను ప్రారంభించాడు. అది వలస వచ్చిన పేద కుటుంబాలు కిక్కిరిసి బతికే పేట. ఏ పని దొరికితే ఆ పనిలోకి దిగిపోతున్న కుర్రాళ్లకు తమను తాము తెలుసుకోవడం, పనుల ప్రపంచాన్ని తెలుసుకోవడం, ఆ రెంటినీ కలిపి ఆలోచించుకోవడం నేర్పాలన్నది ఆయన పద్ధతి. అంటే ఈ వృత్తి వలస బిడ్డల కోసమే పుట్టింది. వంద దాటిన ఏళ్లలో అది డబ్బున్నవాళ్ల పిల్లల సేవగా మారిపోయింది. విదేశీ చదువుల ఏజెంట్లకు చాలా చోట్ల విశ్వవిద్యాలయాలే కమీషన్ ఇస్తాయి. అలాంటి ఏజెంటు చెప్పే సలహా ఎవరి మేలు కోసమో మీరే ఆలోచించండి.

ఇప్పుడు అండమాన్‌కు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.80 లక్షలు. అందులో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అదే లెక్కల్లో అక్కడి షెడ్యూల్డ్ కులాల జనాభా ఎంతో తెలుసా? సున్నా. దళితులు లేక కాదు, ఆ దీవులకు ఎస్సీ జాబితాయే లేక. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం ఎస్సీ జాబితాను రాష్ట్రాల వారీగా, కేంద్రపాలిత ప్రాంతాల వారీగా రాష్ట్రపతి ప్రకటిస్తారు. అండమాన్‌కు 1959లో ఎస్టీ ఉత్తర్వు వచ్చింది. నికోబారీలు, ఓంగేలు, జారవాలు, షోంపెన్‌ల వంటి ఆదివాసులకు అది న్యాయంగా దక్కాల్సిన గుర్తింపు. ఎస్సీ జాబితా మాత్రం రాలేదు. ఆ ఊళ్లోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. బోర్డు మీద బాబాసాహెబ్ పేరు ఉంది, లెక్కలో ఆయన జనం సున్నా.

ఈ చిక్కు అండమాన్‌తో మొదలైంది కాదు. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి తండ్రి ఆంధ్రప్రదేశ్ ఎస్టీ. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం వల్ల కుటుంబం బొంబాయికి మారింది. పిల్లవాడు అక్కడే చదివి ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగితే, మహారాష్ట్ర జాబితాలో నీ తెగ లేదన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా దాన్నే సమర్థించింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం ఒక రాష్ట్రపు ఎస్సీ మరో రాష్ట్రంలో ఆ రాష్ట్ర రిజర్వేషన్ అడగలేడని మళ్లీ చెప్పింది. వెనుకబాటుతనం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుందన్నది కోర్టు తర్కం. కానీ విశాఖలో ఓడ ఎక్కిన మనిషి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి దిగేసరికి అతని తాతకు లేని భూమి, తండ్రికి దొరకని చదువు మారిపోతాయా? పక్కింటివాళ్లు అడిగే ఇంటిపేరు, ఊరిపేరు, పెళ్లి సంబంధాల లెక్క మారిపోతాయా?

సొంత రాష్ట్రంలోనైనా దారి ఉందా అంటే, అక్కడ ఇంకో గేటు. ఆంధ్రలో వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులవి. అందుకు మామూలుగా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. మా పిల్లలు చదివింది దీవుల్లో. ఆంధ్రలో వాళ్లు ఎస్సీలే, కానీ నాన్‌లోకల్. అండమాన్‌లో లోకల్, కానీ ఎస్సీలు కారు. మత్స్యకార పిల్లలదీ ఇలాంటి కథే. ఆంధ్రలో వాళ్ల కులాలు బీసీ-ఏలో ఉన్నాయి. బీసీ జాబితాలు కూడా రాష్ట్రాల వారీగానే ఉంటాయి.

ఈ పరిస్థితిలో కౌన్సెలర్ ఏం చేయాలి? ఒక తండ్రి కూతుర్ని తీసుకొచ్చి, "మాస్టారూ, ఇక్కడ మాకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరట కదండీ. ఫారంలో జనరల్ అని రాసేస్తామండీ" అన్నాడు. ఆ అమ్మాయి రాయబోతున్నది కేంద్ర విద్యాసంస్థల ప్రవేశ పరీక్ష. కేంద్ర సంస్థల్లో, కేంద్ర ఉద్యోగాల్లో సొంత రాష్ట్రపు ఎస్సీ హోదా చెల్లుతుంది. కేంద్రం నిర్ణయించిన కుల ధ్రువపత్రం నమూనాలో వలస వచ్చినవారి కోసం ప్రత్యేకంగా ఒక పేరా ఉంది. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ ఆధారంగా, వలస వచ్చిన చోటి అధికారి పిల్లలకు పత్రం ఇవ్వడానికి అది వీలు కల్పిస్తుంది. ఆ పేరా సంగతి తెలియక "జనరల్" అని రాసిన ఒక్క గడి పిల్ల జీవితాన్నే మార్చేయగలదు. అభిరుచి పరీక్షలు తర్వాత పెట్టుకోవచ్చు. మా దగ్గర కౌన్సెలింగ్ తాత ఊరి మండలాఫీసు నుంచి మొదలవుతుంది.

ప్రపంచం తెరుచుకున్న కొద్దీ ఈ పని పెరుగుతోంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చాక దీవుల్లో ఇంటర్నెట్ వేగం పెరిగింది. పిల్లలు ఇప్పుడు జర్మనీ గురించి, ఆస్ట్రేలియా గురించి అడుగుతున్నారు. వాళ్లకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి చెప్పాలి. మొత్తం 125 మందిలో 115 స్థానాలు ఎస్సీలవి. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. 2022 నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాల అంశాలకు ఇది వర్తించదని కూడా చెప్పాలి. కులం మీద విదేశంలో పరిశోధన చేద్దామనుకునే అమ్మాయికి ఆ సంగతి దరఖాస్తు రోజున కాదు, రెండేళ్ల ముందే తెలియాలి.

మత్స్యకార కుర్రాళ్లు మర్చంట్ నేవీ అంటారు. ఏజెంటు లక్షలు అడుగుతాడు. ఓడ ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీకి షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని నిబంధన. గల్ఫ్‌కు పంపే ఏజెంటయితే జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించి వసూలు చేయకూడదు. ఈ రెండు ముక్కలు వేళకు చెప్పగలిగితే ఒక ఇల్లు అప్పుల పాలవకుండా ఉంటుంది.

పై కులాల పిల్లలకు ఇవన్నీ చెప్పడానికి జీతం తీసుకునే కౌన్సెలర్ అక్కర్లేదు. బాబాయి అమెరికాలో ఉంటాడు, మేనమామ కలెక్టరాఫీసులో ఉంటాడు. మన మొదటి తరం పిల్లలకు ఆ బాబాయి లేడు. బాబాసాహెబ్‌కూ లేడు. ఆయన మెట్రిక్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్ర చేతిలో పెట్టారు. తర్వాత బరోడా మహారాజు శాయాజీరావు దగ్గరికి తీసుకెళ్లి స్కాలర్‌షిప్‌కు దారి చూపారు. 1913లో కొలంబియాకు వెళ్లిన ప్రయాణం వెనక అంబేద్కర్ మేధ, శ్రమ ఉన్నాయి, ఏ తలుపు తట్టాలో తెలిసిన ఒక మనిషీ ఉన్నాడు. అలాంటి మనిషి తారసపడటం అదృష్టం మీద ఆధారపడకూడదనే నేను అడుగుతున్నాను.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: వ్యవస్థ సమస్యను కౌన్సెలర్ ఒక వ్యక్తి సమస్యగా కుదించడా? కుదిస్తాడు, కులం తెలియని కౌన్సెలర్ అయితే. వివక్ష గురించి చెప్పుకున్న విద్యార్థికి "ఆత్మవిశ్వాసం పెంచుకో" అని సలహా ఇచ్చి పంపిస్తాడు. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్షను 2007లో థోరట్ కమిటీ బయటపెట్టింది. అక్కడి లోపం విద్యార్థుల మనసుల్లో లేదు. అందుకే కౌన్సెలర్ శిక్షణలో మనస్తత్వ శాస్త్రంతోపాటు 341వ అధికరణం, వలస చట్టాలు, కుల వివక్ష పాఠాలుగా ఉండాలి. ఆ శిక్షణ తీసుకునే వాళ్లలో మన పిల్లలు ఉండాలి. ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా నడుపుతోంది. ఇక్కడున్న విద్యార్థులు దాన్ని ఒక ఉద్యోగంగానూ చూడండి, ఉద్యమంగానూ చూడండి.

కొఠారీ కమిషన్ 1966లోనే కనీసం పది హైస్కూళ్లకు ఒక కౌన్సెలర్ తిరగాలని చెప్పింది. దీవుల్లో ఆ మాట అమలైతే డిగ్లీపూర్ పిల్ల సలహా కోసం రోజంతా బస్సులో పోర్ట్ బ్లెయిర్ రానక్కర్లేదు. ఆ కౌన్సెలర్ల దగ్గర ఒక రిజిస్టర్ కూడా ఉండాలి. సర్టిఫికెట్ లేక ఏ పిల్ల ఏ సీటు పోగొట్టుకుంది, ఏ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తే పెట్టలేకపోయింది, పేర్లు గోప్యంగా ఉంచి లెక్క మాత్రం రాయాలి. జనాభా లెక్కల్లో సున్నా అని ఉన్న చోట, ఆ సున్నా వెనక ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి, కోర్టుకు చూపించగలిగేది ఆ రిజిస్టరే. పరిశోధక విద్యార్థులు ఎవరైనా ఆ పనికి చేయి కలుపుతామంటే, సభ అయ్యాక కలవండి.

జై భీమ్.