చిన్న సరకుబండి: జామీను సంతకమునకు ముందు



నేడు నేను ముచ్చటింప దలచినది కావ్యవిషయము కాదు, వ్యాకరణ విషయమును కాదు. మన మేళ్లచెరువు వీధులలో తెల్లవారినది మొదలు కనబడు చిన్న సరకుబండ్లను గూర్చి. టాటా ఏస్ అనియు, బొలెరో అనియు, దోస్త్ అనియు మన పిల్లలు పిలుచుచున్న ఈ బండ్లలో ఏది యెవరికి తగును, ఎవరు కొనవలయును, ఎవరు బాడుగబండితో తృప్తి నొందవలయును అనునదియే నేటి విచారణ. పంతులుకు బండితో నేమి పని యని మీరు నవ్వవచ్చును. కాని బండి కొనువాడు యువకుడు. అప్పుకాగితముపై జామీను సంతకమునకు పిలువబడువాడు ఇంటిపెద్ద. "మామా, ఒక్క సంతకం పెట్టు, బండి వస్తది" అని మేనల్లుడు వచ్చి నిలిచినప్పుడు ఆ మామ యేమి ప్రశ్నింపవలయునో తెలిసియుండుట అవసరము.

జామీను అనగా మాటసాయము కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననంతవరకు, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. ముందు వానిని అడిగి, వానివద్ద దొరకనప్పుడే మిమ్ము అడుగవలయునను నియమము లేదు. ఋణదాత సరాసరి మీ గడపకే రావచ్చును. ఈ సంగతి సంతకము చేయించుకొనువారు సాధారణముగా చదివి వినిపింపరు.

ఎద్దులను కొనుటలో మనవారు ఆరితేరినవారు. మహాశివరాత్రి జాతరకు మన యూరికి వచ్చు ఎడ్ల పందెములలో పళ్లను బట్టి జతలను వేరు చేయుదురు గదా! రెండుపళ్ల గిత్తను ఆరుపళ్లవానితో పోటీకి నిలుపరు. సంతలో ఎద్దును చూచువాడు పళ్లు చూచును, సుడి చూచును, నడిపించి చూచును, కాడి మోపి చూచును. అట్టి పరీక్షకుడే మోటారుబండి దుకాణములో అడుగిడినంతనే రంగును, అద్దములోని బొమ్మను చూచి తలయూపి వచ్చుట నాకు వింతగా నుండును. బండికిని పళ్లు గలవు. అవి దాని కాగితములలో నుండును.

మొదట వీని పుట్టుక కొంచెము చెప్పెదను. 2005వ సంవత్సరమునకు ముందు పల్లెలలో చిన్న సరకులకు మూడుచక్రముల బండి, పెద్ద సరకులకు లారీ యుండెను. నడుమ మంచి సాధనము కొరతగా నుండెను. ఆ సంవత్సరమున టాటావారు ఏస్ అను నాలుగుచక్రముల చిన్నబండిని విడిచిరి. రెండు సిలిండర్ల డీజిలు యంత్రము, ముప్పాతిక టన్ను మోత. ఉత్తరాదివారు దానికి 'ఛోటా హాథీ', అనగా చిన్న యేనుగు అని ముద్దుపేరు పెట్టిరి. ఆ బండిని తయారుచేయుటకు పూర్వము సంస్థవారు మూడుచక్రముల బండ్లు తోలువారితో మాటలాడగా, ఒకడు తనకు నాలుగుచక్రముల బండి యున్నచో ఊరిలో పెండ్లి సంబంధము మెరుగుగా కుదురునని చెప్పినట్లు ఆ సంస్థవారే చెప్పుకొనిరి. బండి కొనుటలో గౌరవాపేక్ష యెంత పాలు కలదో ఆ డ్రైవరు మాట తెలుపుచున్నది. నేను దానిని తప్పు పట్టను. కాని గౌరవము కంతులు కట్టదు.

పిమ్మట 2011లో అశోక్ లేలాండ్ వారు జపాను దేశపు నిస్సాన్ సంస్థతో కూడి దోస్త్ బండిని తెచ్చిరి. దాని మోత ఒకటింబాతిక టన్ను. 2015లో మహీంద్రావారి జీతో వచ్చినది. అది మన తెలంగాణములోని జహీరాబాదున తయారగు బండి. 2016లో మారుతివారి సూపర్ క్యారీ, 2019లో టాటావారి ఇంట్రా వెలువడెను. మహీంద్రావారి బొలెరో పికప్ వీనికంటె బలమైన జాతి; 1.3 టన్నుల నుండి పైకి పలు మాదిరులు గలవు, 1.7 టన్నులది మన ప్రాంతమున విశేషముగా తిరుగుచున్నది. ఇందులో ఏది మంచిదని నన్నడిగిన, ఏ సరకు వేసెదరని నేను మరల అడుగుదును.

మన సరకులు నాలుగు: మిరప, ప్రత్తి, వడ్లు, సిమెంటు. మిరపటిక్కీ 45 కిలోలనుకొందము. ముప్పాతిక టన్ను బండిలో 16 టిక్కీలు, ఒకటింబాతిక టన్ను బండిలో 27, ఒకటి ముప్పావు టన్నుకు కొంచెము తక్కువగు 1.7 టన్నుల బొలెరోలో 37 న్యాయముగా పట్టును. వడ్లబస్తా 75 కిలోలైనచో ఇవే బండ్లలో వరుసగా 10, 16, 22. సిమెంటు బస్తాలు 15, 25, 34. ఎడమకాలువ క్రింది వరిచేని వడ్లను, మన ఫ్యాక్టరీల సిమెంటును తోలువానికి బరువే ప్రధానము. తొట్టి సగము నిండకమునుపే మోత పూర్తియగును. ప్రత్తి తోలువానికి ఇది తారుమారు. ప్రత్తి ఉబ్బుసరకు, తొట్టి నిండినను బరువు తూగదు. అతనికి తొట్టి పొడవు ముఖ్యము. ఏస్ తొట్టి సుమారు ఏడడుగులు. బొలెరోలో పెద్ద మాదిరులకు తొమ్మిది, పది అడుగుల వరకు గలవు. కనుక ఒకే ధరగల రెండు బండ్లలో ఒకటి వడ్లవానికి లాభము, ప్రత్తివానికి నష్టము కావచ్చును.

ఇచ్చట ఒక మెలకువ కలదు. అమ్మకపువాడు చెప్పు మోతను నమ్మి ఊరకుండరాదు. నమోదు పత్రములో రెండు బరువులు వ్రాసియుండును: ఖాళీబరువు, మొత్తము బరువు. రెండవదానినుండి మొదటిది తీసివేయగా మిగిలినదే చట్టము మీ కొసగు మోత. మనవారు బండి రాగానే ఇనుప కటకటాలు, పైకప్పు, తొట్టికి అడుగున దళసరి రేకు వేయింతురు. ఆ బరువంతయు మోతనుండి తగ్గవలసినదే. కట్టుబడి యైన పిమ్మట ఒకసారి ధర్మకాటాపై నిలిపి చీటి తీసికొనుట మంచిది. అట్లే సి.ఎన్.జి. వాయువు తొట్టెలు గల బండికి మోత తగ్గును. సూపర్ క్యారీ పెట్రోలు బండి 740 కిలోలు మోయగా వాయువుబండి 625 కిలోలే మోయును. వాయువు చౌక యని కొనువారు తాము తిరుగు త్రోవలో అది పోయు బంకు కలదో లేదో ముందు చూడవలయును.

యంత్రము ఏస్, సూపర్ క్యారీలలో కూర్చుండు చోటు క్రింద నుండును. బొలెరోలో ముందు మూతక్రింద నుండును. మొదటి జాతి ఇరుకు సందులలో సులువుగా మరలును. రెండవదానికి ముందు భాగము పొడవగుటచే చోటెక్కువ కావలయును. కాని మరమ్మతుకు చేయి సులభముగా దూరును, వేసవిలో డ్రైవరుకు వేడి తక్కువ. మన వీధుల వెడల్పు మీకు తెలిసినదే. ఖాళీబండిని తారురోడ్డుపై తోలించి చూపుట పరీక్ష కాదు. నిండు మోత వేసి, చెరువుకట్ట ఎక్కునప్పుడు నడుమ నిలిపి, వెనుకకు జారకుండ మరల కదలించి చూడుడు. 2020 ఏప్రిలు 1 తరువాత అమ్మబడిన బండ్లు బి.ఎస్.6 జాతివి, వీనిలో పొగను శుద్ధిచేయు సాధనములుండుటచే, పాతబండ్ల నెరిగిన మెకానిక్కు చేతికి అన్నియు లొంగవు. కోదాడలోనో హుజూర్‌నగర్‌లోనో ఆ బండి బాగుచేయువాడు, విడిభాగములు దొరకు దుకాణము ఉన్నవో లేవో కనుగొనవలయును. మిరప కోతలకాలమున బండి నాలుగు దినములు నిలిచిపోయిన నష్టము ఏ ధరలపట్టికలోను కనబడదు.

ఇక అప్పు. ఇందే మోసపోవుట ఎక్కువ. ఉదాహరణకు ఆరు లక్షల రూపాయల అప్పు, ఐదేండ్ల గడువు అనుకొందము. ఒకరు సంవత్సరమునకు నూటికి 11 వడ్డీ, తగ్గుచున్న బాకీపై అందురు. వేరొకరు నూటికి 8 మాత్రమే, 'ఫ్లాట్' అందురు. ఎనిమిది చౌక యని మనవాడు ఎగిరి గంతువేయును. లెక్క కట్టుడు. మొదటిదానికి నెలకంతు సుమారు 13,050 రూపాయలు. రెండవదానిలో, అసలు తీరుచున్నను ఐదేండ్లును ఆరు లక్షలపైననే వడ్డీ వేయుదురు. వడ్డీ 2,40,000, మొత్తము 8,40,000, నెలకంతు 14,000. ఎనిమిది యని చెప్పబడిన వడ్డీ నిజమునకు పదునాలుగును దాటుచున్నది. కావున వడ్డీ శాతము నడుగక, నెలకంతు ఎంత, ఎన్ని కంతులు, మొత్తము కట్టునది ఎంత, అను మూడు అంకెలు కాగితముపై వ్రాయించుకొనుడు. ఆ మూడు వ్రాసి యియ్యనివాని కాగితముపై సంతకము చేయకుడు.

ఆ కంతును పనిదినములతో సరిచూడవలయును. డీజిలు, డ్రైవరు ఖర్చు పోగా దినమునకు 700 రూపాయలు మిగులునని పెట్టుకొందము. 13,050 రూపాయల కంతునకే నెలకు పందొమ్మిది దినముల బాడుగ కావలయును. భీమా, టైర్లు, మరమ్మతులు అటుపైని. నాలుగెకరముల మిరప వేసిన రైతునకు సంవత్సరములో తన సరకు తోలు దినములు ఎన్ని? వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అట్టివాడు బాడుగకు పిలిచికొనుట మేలు. పాలు, కూరగాయలు, కిరాణా సరకు నిత్యము తోలువానికి ఏస్ వంటి చిన్నబండి చాలును. సిమెంటు దుకాణము గలవాడు, పలువురి టిక్కీలను కూర్చి ఖమ్మమునకో గుంటూరునకో తోలువాడు దోస్త్‌నో బొలెరోనో చూడవచ్చును. గుంటూరు 2014 జూన్ 2 నుండి వేరు రాష్ట్రము. పన్నులు, పత్రముల సంగతి రవాణా కార్యాలయమున ముందే విచారించుకొనవలయును. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరకుబండికి మోటారు వాహనముల చట్టము 66వ సెక్షను పర్మిటు నుండి మినహాయింపు నిచ్చినది. బొలెరో మాదిరులలో కొన్ని ఈ గీతకు లోపల, కొన్ని వెలుపల గలవు. నమోదు పత్రములోని అంకె చూచినగాని తెలియదు.

మోతకు మించి వేయుట మనవారికి పరాక్రమముగా తోచుచున్నది. పదునారు టిక్కీల బండిపై ముప్పది వేసి త్రాళ్లు బిగించి, లాగినదని మీసము దువ్వుకొందురు. పందెపు ఎద్దుపై మోజుగలవారమగుటచే కాబోలు, లాగుటను చూతుము గాని ఆగుటను చూడము. బరువు లాగుట యంత్రము పని, ఆపుట బ్రేకుల పని. బ్రేకులు పత్రములోని బరువునకే నిర్మింపబడినవి. 2019లో సవరింపబడిన చట్టములో అధికబరువునకు 20,000 రూపాయల జరిమానా, ఆపైని ప్రతి టన్నునకు 2,000 వ్రాయబడినది.

అంతకంటె ఘోరమైనది మిరప కోతకు కూలీలను తొట్టిలో నిలువబెట్టి తెచ్చుట, పెండ్లివారిని ఎక్కించుట. సరకుబండి భీమా అందలి ప్రయాణికులకు వర్తించదని 2002లో సుప్రీంకోర్టు ఆశారాణి కేసునందు తీర్పు చెప్పినది. సరకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రమే 1994 సవరణచే రక్షణ కలదు. బండి బోల్తాపడి పదిమంది కూలీ తల్లులు గాయపడినయెడల పరిహారమునకు యజమాని పొలమే పోవలసివచ్చును. సంతకమడుగ వచ్చిన మేనల్లునితో, జనమును ఎక్కింపనని మాట తీసికొనక సంతకము చేయు మామ, నా దృష్టిలో, వానికి మేలు చేసినవాడు కాడు. లైసెన్సు విషయమున మాత్రము చిక్కు తగ్గినది: 7,500 కిలోలకు లోబడిన సరకుబండిని తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ధర్మాసనము స్థిరపరచినది.

పాతబండి కొనువారికి రెండు మాటలు. బండి క్రిందికి దూరి వెనుక కమ్మీలపట్టీలు చట్రమునకు కలియు చోట చూడుడు. అచట అతుకువేసిన జాడ యున్నచో అది అధికబరువు మోసిన బండి. రంగు క్రొత్తగా నుండుట అనుమానమును పెంచవలయును. నమోదు పత్రముపై బ్యాంకు పేరు తాకట్టుగా వ్రాసియున్నదేమో చూడుడు. అప్పు తీరినదని అమ్మువాడు చెప్పినను, బ్యాంకువారి నిరభ్యంతర పత్రమును, 35వ నమూనా కాగితమును చేత బట్టి రవాణా కార్యాలయమున ఆ తాకట్టు కొట్టివేయించువరకు పూర్తి సొమ్ము ఇయ్యరాదు. క్రొత్తబండి కొన్నవారును చివరికంతు కట్టిన వెంటనే ఈ పని చేయించుకొని, ఆ దినముననే జామీనుదారుని బాధ్యత తీరినదని ఋణదాతచే చీటి వ్రాయించి మామకు అందింపవలయును.